మెడలో వేసుకునే కెమెరా

చిలుకూరంటే వీసాల బాలాజీ ఉన్నది కాదు, కోదాడ పక్కది. అక్కడొక ఇంట్లో బీరువా మీంచి యాషికా ఎలక్ట్రో-35 ఫిల్ము కెమెరా దిగింది. లోపలి రబ్బరు ముక్క పొడైపోయింది. దాంతో ఎన్నికల హామీలా ఎండకూ చీకటికీ ఒకటే మాట, షట్టరు సెకనులో 500వ వంతే కొడుతోంది. బాగుచేయించాలా, కొత్తది కొనాలా? ఇంటిల్లిపాదీ సభ.

రబ్బరంటే మారుస్తారు. దాని 5.6 వోల్టుల పాదరసం బ్యాటరీ ఇప్పుడు తయారీలోనే లేదు, అడాప్టరు పెట్టాలి. 'ఇందు' ఫిల్ములు చేసిన ఊటీ ఫ్యాక్టరీ మూతపడింది. కొడాక్ 2012లో దివాలా పిటిషన్ వేసి, ఎట్లనో బయటపడింది. రోలు దొరికినా కడిగేటోడు దొరకాలె.

"కొత్తదే కొనుండ్రి మామా" అన్నాడు అల్లుడు. 2017లో యాషికా పేరుతోనే వై-35 వచ్చింది. రోలు పెట్టినట్టే పెట్టాలి, అందులో ఫిల్ము మాత్రం ఉండదు! ముందే డబ్బు కట్టినవాళ్లు లబోదిబోమన్నారు.

చివరికి పెళ్లికొడుకు కాబోతున్న మనవడు తేల్చేశాడు: "బాగు చేపియ్యకు తాతా, దుమ్ము గూడ తుడవకు. ప్రీ వెడ్డింగ్ షూట్ల మెడల ఏసుకుంట. ఫొటోలు డ్రోన్ తీస్తది."

కిరాయికిస్తారా అని అప్పుడే ఇద్దరు అడిగిపోయారట. పనిచేసే కెమెరా ఉన్నా పట్టుకురావద్దన్నారట, బరువని.