బేస్‌మెంట్‌లో ఉంటున్న ఈ ఫర్నేసు

తన కథ తాను చెప్పుకునేవారు ‘నేను’ అనే మొదలుపెడతారు. బేస్‌మెంట్ మూలన నిలబడి, ‘ఫర్నేసు ఆన్ అయిందా?’, ‘ఫర్నేసుకి ఏమైంది?’ అన్న మాటలు తప్ప వేరే పిలుపు ఎరగనిదానికి ఆ మాట నోరు తిరగదు. అందుకే ఇది తనను ‘ఈ ఫర్నేసు’ అనే చెప్పుకుంటుంది.

ఉండేది అమెరికాలోని మిషిగన్ రాష్ట్రం, డెట్రాయిట్ పక్కన నోవై. అక్కడ తెలుగువాళ్లు బాగానే ఉన్నారు, వేంకటేశ్వరస్వామి గుడీ ఉంది. గుంటూరు నుంచి వచ్చి స్థిరపడిన ఒక జంట ఇంటికి, గ్యాసు మండించి దాన్ని వెచ్చబెట్టడానికి, 2018 అక్టోబరులో ఈ ఫర్నేసు చేరింది. ఒంటి మీది పలకలో గంటకు 80,000 బీటీయూల వేడి, 96 శాతం సామర్థ్యం అని రాసి ఉంది. అంటే కాల్చిన గ్యాసులో నూటికి 96 పాళ్ల వేడి ఇంటికి దక్కుతుంది. పొగలోని ఆవిరి నీరై కారేదాకా వేడిని పిండేస్తుంది కాబట్టే పొగగొట్టానికి ప్లాస్టిక్ పైపు సరిపోయింది.

వంశం పాతదే. 1895లో అయోవా రాష్ట్రంలోని మార్షల్‌టౌన్‌లో డేవ్ లెనాక్స్ ఉక్కు రేకులు బిగించి బొగ్గు ఫర్నేసులు చేశాడు. వాటికి ఫ్యాను లేదు. వేడిగాలి తేలికై దానంతట అదే పైకెక్కాలి, అందుకని నలువైపులా లావుపాటి గొట్టాలుండేవి. జనం వాటికి ఆక్టోపస్ అని పేరు పెట్టారు. న్యూజెర్సీలో మోరిస్‌టౌన్‌కు చెందిన ఆలిస్ పార్కర్ అనే నల్లజాతి మహిళ 1919 డిసెంబరు 23న గ్యాసు ఫర్నేసుకు పేటెంటు పొందింది. ఒక్కో గదికి వేడిగాలి వెళ్లే దారి, దాని బర్నరును విడిగా పెంచి తగ్గించే వీలు ఆ నమూనాలోనే ఉన్నాయి.

ఇక ఈ ఫర్నేసును బిగించిన రోజు సంగతి. పాతదానికీ దీనికీ వెడల్పు కలవలేదు. పైన వేడిగాలి చేరే పెట్టెను, అంటే ప్లీనమ్‌ను, మెకానిక్కులిద్దరూ అక్కడికక్కడే గాల్వనైజ్డ్ రేకుతో చేశారు. ఎడమకు తిప్పి కోయడానికి ఎర్ర పిడి కత్తెర, కుడికి తిప్పి కోయడానికి ఆకుపచ్చ పిడి కత్తెర. రేకు అంచులను మడిచి, రెండు వైపులా ఎస్ ఆకారపు పట్టీలో దూర్చి, మిగతా రెండు వైపులా డ్రైవ్ పట్టీని సుత్తితో కొడుతూ దించారు. మూలల్లో స్క్రూలు వేశారు. అంతటితో పని అయిందనుకుంటే పొరపాటే. బూడిద రంగు మాస్టిక్ డబ్బా తెరిచి, ప్రతి అతుకు మీదా బ్రష్షుతో రూపాయి బిళ్ల మందాన పూశారు. ఈ అతుకుల దగ్గర బద్ధకిస్తే ఖర్చు గట్టిగానే తగులుతుంది. అమెరికా ప్రభుత్వ ఎనర్జీ స్టార్ కార్యక్రమం లెక్క ప్రకారం మామూలు ఇంట్లో డక్టుల్లో, అంటే గాలి గొట్టాల్లో, వెళ్లే గాలిలో 20 నుంచి 30 శాతం సందుల్లోంచే కారిపోతుంది.

మరి డక్ట్ టేప్ చుట్టేస్తే సరిపోదా? సరిపోదని 1998లోనే తేలింది. లారెన్స్ బర్క్‌లీ నేషనల్ లాబొరేటరీలో మాక్స్ షెర్మన్, ఇయాన్ వాకర్ రకరకాల సీలెంట్లను వేడికీ చలికీ మార్చి మార్చి పరీక్షిస్తే, ఊడిపోయింది బట్టతో చేసిన డక్ట్ టేపే.

మరుసటి జనవరిలోనే పరీక్ష వచ్చింది. ధ్రువపు చలిగాలి దిగి, బయట సున్నా ఫారన్‌హీట్‌కు బాగా కిందికి పోయింది. 2019 జనవరి 30న మకూంబ్ కౌంటీలోని రే గ్యాస్ కంప్రెసర్ స్టేషన్‌లో మంటలు లేచాయి. గ్యాసు చాలదేమోనన్న భయంతో థర్మోస్టాట్ 65కు తగ్గించమని ఆ రాత్రి జనం ఫోన్లకు అత్యవసర సందేశం వచ్చింది. 65 అంటే మన లెక్కలో 18 డిగ్రీలు. ఇంట్లోవాళ్లు స్వెట్టర్లు వేసుకుని తగ్గించారు. ఈ ఫర్నేసుకు మాత్రం ఆ రాత్రి కాస్త తెరిపి దొరికింది.

అసలు చిక్కు చలితో రాలేదు, ఫిల్టరుతో వచ్చింది. పిల్లవాడికి తుమ్ములు తగ్గడం లేదని ఇంటాయన అంగుళం మందం ఫిల్టర్లలోనే మెర్వ్ 13 కొనుక్కొచ్చాడు. మెర్వ్ అంకె ఎంత పెరిగితే అంత సన్నటి ధూళి చిక్కుతుంది. అంతవరకూ వాడింది మెర్వ్ 8. దానికి పుప్పొడి, పెద్ద ధూళి చిక్కుతాయి, సన్నవి జారిపోతాయి. మెర్వ్ 13 అయితే 0.3 నుంచి 1 మైక్రాన్ దాకా ఉండే కణాల్లోనూ కనీసం సగం పడుతుంది. మంచిదే. కానీ అంత సన్నటి అల్లిక అంగుళం మందంలో ఇమిడితే గాలి లోపలికి రావడమే కష్టం. ముక్కు మూసుకుని పరుగెత్తమన్నట్టయింది ఈ ఫర్నేసు పని. లోపల వేడి పేరుకుని లిమిట్ స్విచ్ గ్యాసు కట్టేసేది. ఫ్యాను మాత్రం తిరిగేది. వెచ్చటి గాలి కోసం చెయ్యి పెడితే చల్లగాలి తగిలేది. చల్లారాక మళ్లీ మంట, మళ్లీ కట్. తలుపు మీది చిన్న అద్దంలోంచి చూస్తే ఎర్ర లైటు అదేపనిగా మిణుకుమంటూ ఉండేది.

మెకానిక్ వచ్చి ఫర్నేసు విప్పలేదు. రేకుకు చిన్న కన్నాలు రెండు పెట్టి, మానోమీటరు గొట్టాలు దూర్చాడు. పలక మీద గరిష్ఠంగా 0.5 అంగుళాల నీటి మట్టమంత ఒత్తిడి అని ఉంటే మీటరు 0.9 చూపింది. “మీ ఫర్నేసు బాగానే ఉందండీ, గాలి వచ్చే దారి చాలడం లేదు” అన్నాడు. వేడిగాలి పంపడానికి గదిగదికీ జాలీ ఉంది, తిరిగి లాక్కోవడానికి మేడ మీద ఒక్కటే ఉంది. పంపినంత గాలి వెనక్కి రావాలి కదా! మేడ మీది హాల్లో ఇంకో రిటర్న్ డక్టు దింపాడు. అంగుళం గాడి తీసేసి, నాలుగు అంగుళాల మందం ఫిల్టరు పట్టే పెట్టె బిగించాడు. మడతలు లోతైనవి, కాగితం ఎన్నో రెట్లు ఎక్కువ. అదే మెర్వ్ 13తో మీటరు 0.5 లోపుకు వచ్చింది.

ఆ ఖర్చు 2023 జూన్ చివర్లో తీరిపోయింది. కెనడా అడవుల పొగ డెట్రాయిట్ మీద కమ్ముకుని, ప్రపంచంలోకెల్లా గాలి బాగాలేని నగరాల్లో ఆ ఊరి పేరు చేరింది. ఇంట్లోవాళ్లు కిటికీలు మూసి థర్మోస్టాట్‌లో ఫ్యాన్ ‘ఆన్’లో పెట్టేశారు. ఇల్లు 2,400 చదరపు అడుగులు, కప్పు ఎత్తు 8 అడుగులు. ఏసీ వేగంలో ఫ్యాను నిమిషానికి 1,200 ఘనపుటడుగులు తిప్పుతుంది. ఆ లెక్కన ఇంటెడు గాలి పదహారు నిమిషాలకోసారి ఫిల్టరు దాటింది. తెల్లగా ఉన్న మడతలు కొద్దిరోజుల్లోనే బూడిద రంగుకు తిరిగాయి.

ఎండుమిరపకాయల పోపు ఘాటును ఆపడం మాత్రం ఈ ఫిల్టరు వల్ల కాదు. నూనె తుంపరలు కాస్త చిక్కుతాయి గానీ, వాసన వాయువు కాబట్టి కాగితంలోంచి దర్జాగా దాటి పడగ్గదుల్లోకి పోతుంది. దానికి బయటికి గాలి తోసే వంటింటి చిమ్నీయే దిక్కు.

ఫిల్టరు మార్చే రోజున గుంటూరు నుంచి వచ్చిన ఇంటావిడ అమ్మగారు పక్కనే ఉన్నారు.

“ఇంత పెద్దది పారేయడమేంటే? ఏసీ జాలీ కడిగినట్టు పంపు కింద పెడితే పోలా?”

“అది ప్లాస్టిక్ జాలీ అమ్మా, ఇది కాగితం. తడిస్తే ముద్దయిపోద్ది.”

కొత్తది దూర్చే ముందు కూతురు అంచు మీది బాణం గుర్తు చూసింది. అది ఫ్యాను వైపు ఉండాలి. మార్కరుతో తారీఖు రాసింది.

ఫర్నేసు ఆయుష్షు పదిహేను, ఇరవై ఏళ్లు. ఈసారి హీట్ పంపు పెడదామా అని ఇంటాయన అప్పుడే ధరలు అడుగుతున్నాడు. హీట్ పంపు వదిలే గాలి ఇంత వేడిగా ఉండదు కాబట్టి గాలి ఎక్కువ తిప్పాలి. అందుకే మెకానిక్ ధర చెప్పకముందే టేపు తీసుకుని, మేడ మీది రిటర్న్ డక్టు కొలవడానికి మెట్లెక్కాడు.