ఒళ్లు అలవని ల్యాబ్ టెక్నీషియన్‌కు ఏడు చిట్కాలు

డీఎంఎల్‌టీ పాసై ల్యాబ్‌లో చేరారా? శభాష్! ఇక ఒళ్లు దాచుకోవడం నేర్చుకోండి.

1. సూది గుచ్చేముందు పేరు అడక్కండి. బెంచీ మీద ముందున్నవాళ్లే లిస్టులో మొదటివాళ్లు. లేబుళ్లు సాయంత్రం తీరిగ్గా ఒకేసారి అంటించండి. ముగ్గురు లక్ష్ములుంటే అందరికీ ఒకే లక్ష్మి రిపోర్టు సరిపోతుంది.

2. టోర్నికెట్ నిమిషంలోపు విప్పాలంటారు. ఫోన్ మాట్లాడాకే విప్పండి. సిరంజిలోని రక్తాన్ని సూదితోనే ట్యూబులోకి జోరుగా తోయండి. కణాలు పగిలి పొటాషియం పెరుగుతుంది, డాక్టరు మళ్లీ టెస్టు రాస్తాడు, ఓనరు మిమ్మల్ని నెత్తిన పెట్టుకుంటాడు.

3. వర్షాకాలం, డెంగీ సీజన్, కౌంటర్ దగ్గర తోపులాట. ఊదా మూత ట్యూబును ఎనిమిది పదిసార్లు మెల్లగా తిరగేయాలని కాలేజీలో చెప్పి ఉంటారు. వద్దు, అలాగే స్టాండులో పెట్టేయండి. లోపల చిన్న గడ్డ కడుతుంది, ప్లేట్‌లెట్లు అందులో చిక్కుకుంటాయి, మెషిన్ ఇరవై వేలని చూపిస్తుంది. స్లైడు వేసి చూశారో, గుంపులు కనబడి మళ్లీ గుచ్చాల్సి వస్తుంది. అందుకే మైక్రోస్కోపు మీద గుడ్డ తీయకండి. ప్రింటు కొట్టి చేతిలో పెట్టండి. పేషెంటు తాలూకువాళ్లు రాత్రంతా బ్లడ్ బ్యాంకుల చుట్టూ తిరుగుతారు, బొప్పాయి ఆకులు దంచుతారు. మీ డ్యూటీ ఆరింటికే అయిపోయింది. పొద్దున ఎవరైనా నిలదీస్తే "మెషిన్ అలా చూపించింది సార్" అనండి. మెషిన్ మిమ్మల్ని కాదనదు.

4. షుగర్‌కు గ్రే మూత ట్యూబు వెతక్కండి. మామూలు ట్యూబులో పోసి టిఫినుకు వెళ్లండి. ఈలోగా కణాలే చక్కెర తినేస్తాయి. అంకె తగ్గుతుంది, పేషెంటు సంబరంగా స్వీట్ షాపుకు వెళ్తాడు.

5. ఈఎస్‌ఆర్‌కు గంట ఆగాలా? పావుగంటకే చూసి నాలుగుతో గుణించండి. ఎక్కాలు నేర్చుకున్నది ఇందుకే.

6. మెషిన్ సరిగ్గా ఉందో లేదో చూసే కంట్రోల్ శాంపిల్‌ను రోజూ నడిపితే రీఏజెంటు దండగ. నెలాఖరున కూర్చుని ముప్పై రోజుల అంకెలూ నింపండి. రెండు రంగుల పెన్నులు వాడండి. అన్నీ ఒకేలా రాయకండి. అక్కడక్కడ కాస్త ఎక్కువ, కాస్త తక్కువ వేస్తే ఇన్‌స్పెక్షన్‌కు వచ్చినవాళ్లు ముచ్చటపడతారు.

7. టీబీ అనుమానంతో కళ్లె వస్తే, నెగటివ్ అనే ముందు వంద ఫీల్డులు చూడాలని నియమం. మీరు పది చూసి నెగటివ్ రాసేయండి. మెడ నొప్పి ఉండదు. ఆ దగ్గు మనిషి కొన్నాళ్లకు మళ్లీ వస్తాడు. ఈసారి పెళ్లాం పిల్లల్ని కూడా తీసుకొస్తాడు. నాలుగు డబ్బాలు సిద్ధంగా పెట్టుకోండి.