పట్టపగలు మిణుగురులు

మళ్లీ ఆదివారం వచ్చింది, మళ్లీ జెండా ఊపారు. ముందు పోలీసు జీపు, వెనక తెల్ల టీషర్టులు, ఆ వెనక అంబులెన్సు. సగం సైకిళ్లు ట్రాలీ ఆటోలో దిగాయి. ఫొటోలయ్యాక ట్రాలీ ఆటోలోనే తిరిగి ఎక్కుతాయి. 2024 డిసెంబరులో కేంద్రం ‘సండేస్ ఆన్ సైకిల్’ మొదలుపెట్టిన దగ్గర్నుంచీ ఊరూరా ఇదే వరస. జూన్ 3న ప్రపంచ సైకిల్ దినోత్సవం పేరుతో ఇంకో విడత ఉంటుంది. 2020లో సరిగ్గా ఆ తేదీనే సాహిబాబాద్‌లో అట్లాస్ సైకిళ్ల కర్మాగారం మూతపడింది. దాని గురించి ఏ మైకులోనూ ఎవరూ మాట్లాడరు.

సైకిలు తొక్కడం మంచిదే, అందులో పేచీ లేదు. పేచీ అంతా ముందు వరసలో మినుకుమినుకుమంటూ వచ్చే ఆ లైట్లతోనే. ఉదయం ఏడు దాటింది. ఏలూరు పక్క కొల్లేరు సరస్సు మీద ఎండ అప్పటికే చురుక్కుమంటోంది. చిలకపచ్చ జెర్సీ తొడుక్కున్న పెద్దమనిషి హ్యాండిల్ మీద తెల్ల లైటు టపటపా కొట్టుకుంటోంది. సీటు కింద ఎర్ర లైటు, హెల్మెట్ వెనక మరో ఎర్ర లైటు.

“పగలు లైటెందుకండీ?”

“కనపడాలి కదండీ.”

“ఎవరికండీ?”

“లారీవాడికండీ, ఇంకెవరికి?”

ఆరడుగుల మనిషి చిలకపచ్చ చొక్కాలో కనపడని డ్రైవరుకి రూపాయి బిళ్లంత లైటు కనపడుతుందట. వాదన గట్టిదే. పైగా విదేశీ పరిశోధన తోడుంది. డెన్మార్క్‌లోని ఓడెన్సే నగరంలో నాలుగు వేల మందికి దగ్గరగా సైకిలిస్టుల మీద చేసిన ప్రయోగంలో, పగలూ రాత్రీ లైటు వెలిగినవాళ్లకి గాయాల ప్రమాదాలు 19 శాతం తగ్గాయి. ఇది నిజం. ఆ లైట్లు అయస్కాంతంతో, బ్యాటరీ లేకుండా, చక్రం తిరిగినంతసేపూ మినుకుమనేవన్నదీ నిజమే. ఓడెన్సేలో సైకిలుకి విడిగా దారి ఉందన్నది ఇంకా పెద్ద నిజం. మన పెద్దమనుషులు ఆ 19 శాతాన్ని దిగుమతి చేసుకుని, దారిని అక్కడే వదిలేసి వచ్చారు.

ఇక లైటు పెట్టె మీది అంకె సంగతి. ‘10,000 ల్యూమెన్లు’. ఆన్‌లైన్‌లో కొన్ని వందలకే వస్తుంది, ఫోను చార్జరుతో చార్జింగ్ అవుతుంది, వానకి తడవదు. ల్యూమెన్ అంటే లైటు అన్ని వైపులకీ చిమ్మే మొత్తం వెలుతురు లెక్క. కారుకి వేసే మామూలు హెచ్4 హాలోజన్ బల్బు డిమ్‌లో ఇచ్చేది సుమారు వెయ్యి ల్యూమెన్లు. అంటే అరచేతిలో పట్టే ఈ డబ్బా పది కారు బల్బులకి సమానమని కొన్నవాడు నమ్మాలి. నమ్ముతున్నాడు కూడా, పక్కవాడికి చెప్పి కొనిపిస్తున్నాడు కూడా.

కాస్త లెక్క వేద్దాం. ఇలాంటి డబ్బాలో ఎల్‌ఈడీ ఒక్కో వాటుకి వంద ల్యూమెన్లు ఇచ్చిందనుకున్నా, పదివేలకి వంద వాట్లు కావాలి. లోపల సాధారణంగా ఉండేది 18650 రకం సెల్లు ఒకటి. నికార్సైనదైనా అందులో పట్టేది పది, పదకొండు వాట్ అవర్లు. భాగిస్తే ఆరేడు నిమిషాలు. ఏలూరు ఫైర్ స్టేషన్ సెంటర్లో వెలిగిస్తే ఊరు దాటకముందే ఆరిపోవాలి. పెట్టె మీద మాత్రం ఎనిమిది గంటలని రాసి ఉంటుంది. ఎనిమిది గంటలు నిజమైతే పదివేలు అబద్ధం, పదివేలు నిజమైతే ఎనిమిది గంటలు అబద్ధం. కొన్నవాడికి రెండూ నిజమే.

ఒకవేళ పదివేలూ నిజమే అయితే, తాడేపల్లిగూడెం సైకిలిస్టులు తమ ఊళ్లోని రెండో ప్రపంచ యుద్ధం నాటి పాత రన్‌వే వైపు పోకుండా ఉంటే మంచిది. దారి తప్పిన విమానమేదైనా దిగిపోగలదు.

అబద్ధం అంకె వరకే ఆగితే నవ్వుకుని ఊరుకోవచ్చు. ఆ డబ్బా నిజంగా ఇచ్చే నాలుగైదు వందల ల్యూమెన్లతోనే అసలు ప్రమాదం. కారు హెడ్‌లైటులో వెలుతురు పైకి పోకుండా కత్తిరించే ఏర్పాటు ఉంటుంది. ఇందులో ఉండదు. సగం వెలుతురు ఆకాశానికీ కొల్లేటి కొంగలకీ పోతుంది. మిగిలిన సగంలో పెద్ద వాటా ఎదురొచ్చేవాడి కళ్లలో పడుతుంది. రోడ్డుకి దక్కేది ఆఖరున మిగిలింది. పైగా దాన్ని టపటపా కొట్టించడం. ఎదురొచ్చేవాడికి సైకిలు ఎంత దూరంలో ఉందో, ఎంత వేగంగా వస్తోందో అంతు చిక్కదు.

జర్మనీలో సైకిలు ముందు లైటు ఇలా కొట్టుకోకూడదని చట్టమే ఉంది. వెలుతురు రోడ్డు మీద పడాలి, పది మీటర్ల దూరంలో కనీసం 10 లక్సులు ఉండాలి, ఎదుటివాడి కళ్లు చెదరకూడదు. బ్రిటన్ 2005లో మినుకు లైట్లకి ఒప్పుకుంది గానీ, నిమిషానికి 60కి తగ్గకుండా 240కి మించకుండా అని గీత గీసింది. మన దగ్గర కొత్త సైకిలుకి రిఫ్లెక్టర్లు ఉండాలంటూ కేంద్రం 2020లో ఉత్తర్వు తెచ్చింది. ఆ తర్వాత కొన్నవాడు హ్యాండిల్‌కి ఏం బిగించుకుంటున్నాడో అడిగిన నాథుడు లేడు.

అడిగే రోజులు ఒకప్పుడుండేవి. లైటు లేకుండా వస్తే పోలీసు ఆపి చక్రంలో గాలి తీసేవాడు. అప్పటి లైటు డైనమో. టైరు పక్కన ఒరుసుకుంటూ గుర్రుమనేది. 6 వోల్టులు, 3 వాట్లు: ముందు లైటుకి 2.4, వెనక దానికి 0.6. తొక్కితే వెలుతురు, ఆగితే చీకటి. ఏలూరు జూట్ మిల్లులో రాత్రి షిఫ్టు దిగిన కార్మికుడికి ఇల్లు చేరడానికి ఆ మూడు వాట్లే ఎక్కువ. పదివేల ల్యూమెన్లు ఎవరూ అడగలేదు.

తక్కిన సరంజామా గురించి క్లుప్తంగా. వెనక 140 మీటర్ల దూరంలో బండి వస్తుంటే హెచ్చరించే రాడార్ లైటు దిగింది. పదహారో నంబరు జాతీయ రహదారి మీద అది హెచ్చరించని క్షణం ఉండదు. పెడల్‌కి బిగుసుకునే బూట్లు వచ్చాయి. గేదె అడ్డొస్తే కాలు ఊడిరాదు, మనిషి పడతాడు. కార్బన్ ఫ్రేముతో తగ్గిన రెండు కిలోలూ తిరుగుదారిలో భీమడోలు టిఫిన్ సెంటర్లో వెనక్కి వచ్చేస్తాయి.

వేళాకోళం ఇక్కడితో చాలు.

లైటు నిజంగా అవసరమైన మనిషి ఈ ర్యాలీల్లో కనపడడు. అతను తెల్లవారుజామున నాలుగింటికి చేపల చెరువు గట్టుకి బయల్దేరే కూలీ. మేత కట్టడానికో, రాత్రి పట్టుబడి అయిన చేపకి ఐసు కొట్టడానికో వెళ్తుంటాడు. గూడెం ఉల్లిపాయల మార్కెట్లో లారీ దించి ఇంటికి పోయే ముఠా కూలీ కూడా ఇతని జట్టే. పాత హెర్క్యులిస్, కారియర్‌కి కట్టిన అన్నం క్యారేజీ. వెనక మడ్‌గార్డు మీద రిఫ్లెక్టరు ఉంది గానీ బురద కింద ఉంది. చొక్కా జేబులో ఫోను, దాని టార్చి వెలుగు పల్చటి బట్టలోంచి బయటికొస్తుంది. అదే అతని హెడ్‌లైటు. పెద్ద లైట్లతో బండి ఎదురొస్తే దిగిపోతాడు. సైకిలు పట్టుకుని మార్జిన్‌లో నిలబడతాడు. ఒక పక్క రోడ్డు, ఇంకో పక్క చెరువు. బండి పోయాక కూడా చూపు కుదురుకునేదాకా అక్కడే ఉంటాడు.

ఆ రోడ్డు సంగతి ఏలూరు నుంచి కైకలూరు వెళ్లేవాళ్లందరికీ తెలుసు. 2024 సెప్టెంబరు వరదల్లో కొల్లేరు పొంగి చిన ఎడ్లగాడి దగ్గర రాకపోకలు ఆగిపోయిన రోడ్డే. మామూలు రోజుల్లో చేపల లారీల్లోంచి కారిన ఐసు నీళ్లకి తారు జారుతుంది. వెనక లైటు లేని ట్రాక్టరు ట్రక్కులు చీకట్లో చీకటిలా పోతుంటాయి. డిసెంబరు, జనవరిలో పొగమంచు. సార్వా కోతల్లో ఒకసారి, దాళ్వా కోతల్లో ఒకసారి ఈ ప్రాంతంలో ఎన్నో రోడ్లు సగం కళ్లాలవుతాయి. సాయంత్రం ధాన్యం కుప్ప చేసి, పైన నల్ల బరకం కప్పి, అంచున బండరాళ్లు పేరుస్తారు. నల్ల తారు మీద నల్ల బరకం, నల్ల రాయి. రైతుని తిట్టి లాభం లేదు. తేమ 17 శాతం దాటితే కొనుగోలు కేంద్రంలో చిక్కే, ఆరబెట్టుకోవడానికి అతనికి రోడ్డు తప్ప జాగా చూపించినవాళ్లు లేరు. తిట్టాల్సింది జాగా చూపించకుండా జెండాలు ఊపేవాళ్లని.

ఎదురొచ్చే బండి మీద లైటు చాలక ఎల్‌ఈడీ పట్టీలు అదనం. 2017 ఏప్రిల్ నుంచి కొత్త మోటారు సైకిళ్లకి లైటు ఆర్పే స్విచ్చు తీసేశారు. డిమ్ చేసే స్విచ్చు మాత్రం ఉంది. దాన్ని ముట్టుకునేవాడు లేడు. నిబంధన లేదా అంటే ఉంది. రాత్రిపూట రోడ్డు మీద నిలబడి దాన్ని అమలు చేసేవాళ్లేరీ? హెల్మెట్ చలాన్లు పగలు రాయొచ్చు, నీడలో నిలబడి రాయొచ్చు.

2022లో దేశంలో రోడ్ల మీద 1,68,491 మంది చనిపోయారు. అందులో సైకిలు తొక్కేవాళ్లు వేలల్లో ఉన్నారు. అలా ఒకరు పోయిన మరునాడు పేపర్లో ‘గుర్తు తెలియని వాహనం ఢీకొని’ అని నాలుగు లైన్లు వస్తాయి. సైకిలుకి లైటు లేదని పది మందీ గుర్తు చేసుకుంటారు. కనపడకపోవడం సైకిలు చేసిన నేరం. గుద్ది కనపడకుండా పోయిన వాహనానికి మాత్రం పేరు కూడా ఉండదు. అందరం కలిసి సైకిలుకి రేడియం స్టిక్కరు అంటించి ఫొటో దిగుతాం. ఇది సిగ్గుచేటు.

ర్యాలీలు పెట్టేవారికి ఒక మాట. ఆదివారం పొద్దున్న వద్దు. డిసెంబరులో ఒక రాత్రి ఎనిమిదింటికి ఏలూరు నుంచి కైకలూరు వైపు పెట్టండి. ముందు జీపు వద్దు, వెనక అంబులెన్సు వద్దు. జెండా ఊపినవారు కూడా తొక్కాలి. ఆ పని కుదరదంటే టీషర్టుల డబ్బుతో చిన్న వెనక లైట్లు కొనండి. కొల్లేటి ఊళ్లు గుడివాకలంక, శ్రీపర్రు చెరువు గట్ల మీద తెల్లవారుజామున నిలబడి వచ్చిన ప్రతి సైకిలుకీ బిగించండి. పగలు మెరిసే పెద్దమనుషులు తమ లైట్లు చీకటి పడేదాకా ఆర్పి ఉంచుకోవచ్చు. చీకటి పడ్డాక వెలిగించినప్పుడు నేలకి వంచాలి.

ఇక కారులోనో బుల్లెట్ మీదో ఆ దారిన పోయే పాఠకులకి: ఎదురుగా చొక్కా జేబు ఎత్తులో మసక వెలుగొకటి కనిపిస్తే లైటు డిమ్ చెయ్యండి. దానికి రూపాయి ఖర్చు కాదు.