అదియె నొక్కు తాత: సటీకా తాత్పర్యము

మూలము

ఆ. అదియె నొక్కు తాత అంతేను భయమేల
ఇటుల జరుపుమింక, ఇదియె చాలు
ఓకె కొట్టి చూడు ఓటీపి వచ్చును
చెప్పుమదియు నాకు, చేతు నేనె!

అవతారిక

పూర్వము ధాన్యకటకమని పేరొందిన ధరణికోటలో, తపాలా శాఖలో ఉద్యోగము చేసి విరమించిన తాతయ్య ఒకడు కలడు. కేంద్ర ప్రభుత్వపు పింఛనుదారుడు గనుక ఏటేటా నవంబరులో తాను బ్రతికియున్నట్లు రుజువు చూపవలెను. 2014 నవంబరు 10న జీవన్ ప్రమాణ్ వచ్చినది. కచేరికి రానక్కరలేదు, వేలిముద్ర చాలునన్నారు. ఏండ్ల తరబడి ఉత్తరాలపై ముద్రలు కొట్టి అరిగిన వేలిని యంత్రము గుర్తుపట్టలేదు. 2021 నుండి ఫోనుకు ముఖము చూపినను సరిపోవునన్నారు. అది నేర్పుమని అడుగగా మనుమడు ఆశువుగా చెప్పిన పద్యమిది. కవి హైదరాబాదున సాఫ్ట్‌వేరు ఉద్యోగి. వచ్చినది ఆదివారము, పోవలసినదియు ఆదివారమే.

ప్రతిపదార్థము

అదియె = ఆ దానినే. ఏ దానిని? మూలమున లేదు. తెరపై రెండు డజన్ల బొమ్మలున్నవి. కవి చూపు వానిలో ఒకదానిపై నున్నది, తాతయ్య చూపు కళ్లజోడు కొరకు వెదకుచున్నది.

నొక్కు = ఇచట విపరీతార్థము పొసగినది. తపాలా కచేరిలో నొక్కుట యనగా సిరా దిగువరకు ఒత్తిపట్టుట. తాతయ్య అట్లే ఒత్తిపట్టెను. బొమ్మ తన చోటు విడిచి కదలెను. పైన "అన్‌ఇన్‌స్టాల్" అను అక్షరములు వెలసెను. "అయ్యో, తాతయ్యా!" అని కవి. వాని మనసులోని మాట "తాకి వదులు" అని. ఆ మాటే ముందు అనియుండిన సగము పాఠము అక్కడనే తీరెడిది.

తాత = తాతయ్యా. "య్యా" గణమునకు బలియైనది.

అంతేను = ఆరంభమని అర్థము. దీని తరువాత ఆధార్ నంబరు, ఈమెయిలు, ఆధార్ ఫేస్‌ఆర్‌డీ యను మరియొక యాప్, దానికి ఇయ్యవలసిన అనుమతులు వరుసగా వచ్చును. నడుమ తెరపై ఒక చక్రము తిరుగును. బుద్ధుడు ధాన్యకటకమున కాలచక్ర తంత్రమును బోధించెనని టిబెట్టువారి సంప్రదాయము. ఆ గౌరవముతోనే 2006 జనవరిలో దలైలామా ఆ ప్రక్కనే అమరావతిలో కాలచక్ర దీక్ష ఇచ్చెను. సిగ్నలు అందని ఆ మధ్యాహ్నము తాతయ్యకు దర్శనమిచ్చిన చక్రమునకు తంత్రము తెలిసినవారు లేరు.

భయమేల = ఏల యనిన, పింఛను పడునది ఆ ఫోనుతో ముడిపడిన ఖాతాలోనే గనుక.

ఇటుల జరుపుము = ఈ పాదము చెప్పుచు కవి ఫోనును తన చేతిలోనికి తీసుకొనెను. క్రియ మధ్యమపురుషలో నున్నది, పని ఉత్తమపురుషలో జరుగుచున్నది. ఇక ముందంతయు ఇట్లే.

ఓకె కొట్టి = మొదట నొక్కుమనెను, ఇపుడు కొట్టుమనుచున్నాడు. తాతయ్య చేయి చాచి కొట్టెను. గాజు నిలిచినది.

ఓటీపి వచ్చును = వచ్చినది.

చెప్పుమదియు నాకు = దీనిని విశేషములలో చూడుడు.

చేతు నేనె = తాతయ్యకు కెమెరా ఎదుట కనురెప్ప వాల్చి ఎత్తు పని మాత్రము మిగిలెను. అదియు ఒకసారి తప్పెను.

తాత్పర్యము

"తాతయ్యా, ఫోను ఇటివ్వు."

విశేషములు

సంధి కలుపవలసిన చోట్ల కవి కలుపలేదు. బస్సు వేళకు వ్యాకరణము లేదు, విడిచిపెట్టుదము.

నాలవ పాదమున్నదే, అది మాత్రము విడిచిపెట్టదగినది కాదు. ఎవరికిని చెప్పవద్దని ఓటీపి వెంటనే వ్రాసి వచ్చును. పెద్దవారికి ఆ నియమము మొట్టమొదట తప్పించునది ప్రేమగల మనుమడే. రేపు ఎవడో ఫోను చేసి, "సార్, లైఫ్ సర్టిఫికెట్టు మేమే చేసిపెడతాం, నంబరు చెప్పండి" అనును. వాడు చదువునది ఈ పాదమే. తాతయ్య చెప్పెనేని మతిమరపనియు అమాయకత్వమనియు ఇంటిల్లిపాది అందురు. అభ్యాసము చేయించినదెవరని ఒక్కరును అడుగరు.

సర్కారు పాఠముండెను కదా యందురేమో. 2017లో మొదలై 2024లో ముగిసిన ప్రధానమంత్రి గ్రామీణ డిజిటల్ సాక్షరతా అభియాన్ 6 కోట్ల పల్లె కుటుంబములను ఉద్దేశించినది, ఇంటికొకరికి ఇరువది గంటల చదువు. వయస్సు 14 మొదలు 60 వరకు. అనగా కేంద్రోద్యోగికి పింఛను మొదలగునాటికి పాఠము ముగిసెడిది. కేరళమువారు 2025 ఆగస్టులో సంపూర్ణ డిజిటల్ సాక్షరత ప్రకటించుకొన్నపుడు, నేర్చినవారిలో నూరేండ్లు దాటిన వృద్ధుడును ఉన్నాడు. మన రాష్ట్ర ప్రభుత్వము 2025 జనవరి 30న మన మిత్ర పేర 161 సేవలతో వాట్సాప్‌లోనికే వచ్చినది. తాతయ్య అచటికి పోవలెనన్నను దారి ఆ బొమ్మలమీదుగానే.

తాతయ్య మందమతి యనుట టీకాకారునికి సమ్మతము కాదు. ఆయన యొద్ద పొడుగాటి నోటుపుస్తకమొకటి యున్నది. "పచ్చబొమ్మ. తాకి వదలాలి. కింద రెండో గీత. ఎర్రది వస్తే వెనక్కి బాణం" అని తపాలా చేవ్రాతతో వరుస వ్రాసికొనెను. యాప్ మారి పచ్చబొమ్మ నీలమైన నాడు ఆ పుట కొట్టివేసి మరల వ్రాసెను. నా ఎరుకలో ఈ విషయమున దీనిని మించిన పాఠ్యగ్రంథము లేదు. అది ఆయన కంటితో చూచినది, ఆయన మాటలలో ఉన్నది.

పాఠాంతరము

ఆ పుస్తకపు చివరి అట్టమీద నాలవ పాదము ఇట్లు దిద్దబడియున్నది:

చెప్పకెవరికేని, చేయుమీవె!

గణములు సరి, యతి సరి. ఫోను తాతయ్య చేతిలోనే యుండును, మనుమడు చేతులు కట్టుకొని ప్రక్కన కూర్చుండును. ఒక్కటే చిక్కు. ఈ పాఠమున పని తెమలుటకు గంట పట్టును. కావున గుంటూరు బస్సు అందుకొనవలసిన మనుమలు పూర్వపాఠమునే ఆశ్రయించుచున్నారు.