స్టూడియోవారి వాక్యం: సటీకా తాత్పర్యం

అవతారిక: మాఘమాసంలో ముహూర్తం కుదిరి, కల్యాణమండపానికి బయానా ఇచ్చి, వంటమేస్త్రిని మాట్లాడుకొని, ఆత్రేయపురం పూతరేకులకూ తాపేశ్వరం కాజాలకూ చెప్పివచ్చిన పెళ్ళికూతురి తండ్రి, చిట్టచివరగా రాజమండ్రిలో ఒక ఫొటో స్టూడియోకు వెళ్ళి "వీడియో ఏ రకం తీస్తారు బాబూ?" అని అడుగగా, గల్లాపెట్టె దగ్గరి కుర్రవాడు ఫోనులోంచి తల ఎత్తకుండా ఈ క్రింది వాక్యం పలికెను.

మూలం: "ఆయ్! ట్రెడిషనల్ ఉంటదండి, క్యాండిడ్ ఉంటదండి, సినిమాటిక్ కూడా చేసేత్తామండి. డ్రోన్ ఫ్రీ. పాటలు మీ ఇట్టం. మిగతాది మిక్సింగులో చూసుకుందామండి."

కాళిదాసుకు వ్యాఖ్య రాసిన మల్లినాథసూరి మన మెదకు సీమవాడే. మూలంలో లేనిది రాయనని, అక్కరలేనిది చెప్పనని ఆయన ప్రతిన పట్టాడు. ఈ మూలంలో ఉన్నదే బహుకొంచెం గనుక, ఈ వ్యాఖ్యాత అట్టి ప్రతినలేవీ పట్టలేదు.

ఆయ్ = అవ్యయము. గోదావరికి ఇరుగట్లా ఇది ఔననుటకు వాడుక. ఇచట 'విన్నాను' అని మాత్రమే అర్థము. 'ఒప్పుకున్నాను' అని గ్రహించి ఇంటికెళ్ళిన పెళ్ళివారు వ్యాకరణం చదువుకోనివారు.

ట్రెడిషనల్ = సంప్రదాయసిద్ధమైనది. ఏ సంప్రదాయమని శంక. గృహ్యసూత్రాల్లో లేదు. జేవీసీ కంపెనీ వీహెచ్ఎస్ క్యాసెట్టును లోకానికిచ్చింది 1976లో. అది డెల్టాలో దిగి పెళ్ళిపందిళ్ళకు ఎక్కిన నాటినుంచే ఈ సంప్రదాయం. ఈ-180 అనే క్యాసెట్టులో పట్టేది 180 నిమిషాలు. కావున పెళ్ళి వీడియో మూడు గంటలుండవలెనని స్థిరపడెను. క్యాసెట్టు పోయింది, సీడీ వచ్చి పోయింది, డీవీడీ అటకెక్కింది. మూడు గంటలు మాత్రం పెన్‌డ్రైవులో పదిలంగా ఉన్నాయి.

దీని లక్షణమేమనగా, కెమెరా ఎవరినీ వదలదు. స్నాతకం, కాశీయాత్ర, గౌరీపూజ సరే. ఈవలి చివర కుర్చీ నుంచి ఆవలి చివర కుర్చీ దాకా మెల్లగా మొహం మొహం తిప్పుకుంటూ పోతుంది. కెమెరా తనమీదికి రాగానే మగవారు మీసం సవరించుకొందురు. ఆడవారు పక్కావిడతో ఏదో ముఖ్యమైన సంగతి మొదలుపెడుదురు. ఆ పిమ్మట బంతి భోజనాలు. గుత్తివంకాయ సగం నోట్లో ఉన్నవానిపై లైటు పడితే వాడు నమలలేడు, మింగలేడు, నవ్వనూ లేడు. అర్ధరాత్రి పూట ఆ లైటు వేడికి పెళ్ళికూతురి నుదుట కల్యాణతిలకం ఒకవైపు, బాసికం మరొకవైపు జారుట కూడ సంప్రదాయంలో భాగమే.

క్యాండిడ్ = తీయబడువానికి తెలియకుండ తీయబడునది. క్యాండెట్, కేండిల్ అని పాఠాంతరాలు. ప్రయోగం చూడండి: "అమ్మా, ఇటు చూడకండి, చూడనట్టు నవ్వండి, ఇంకొంచెం క్యాండిడ్‌గా." ఇది విరోధాభాసాలంకారము.

సినిమాటిక్ = సినిమావలె ఉండునది. ఈ సీమకు సినిమా నేర్పనక్కరలేదు. 1936లోనే రాజమండ్రిలో దుర్గా సినీటోన్ వెలసింది. మూగమనసులు (1964), అందాలరాముడు (1973), గోదావరి (2006) ఈ నీటిమీదివే. కనుక పాపికొండల లాంచీ ఎక్కి, కమ్మీ పట్టుకొని, ఎవరో పిలిచినట్టు వెనుదిరిగి చూచుట ఇక్కడి వధూవరులకు పిత్రార్జితపు హక్కు. దాన్ని ప్రీవెడ్డింగ్ అంటారు. లాంచీ కుదరనివారు కడియపులంక నర్సరీల్లో పూలమొక్కల నడుమ పరుగెత్తుదురు. దానికీ ఓపిక లేకపోతే పుష్కరఘాట్‌లో నిలబడితే చాలు. 1900లో రైళ్ళు మొదలై 1997లో ఆగిపోయిన హేవలాక్ వంతెన వెనక జీతం లేకుండా నటిస్తుంది.

చిక్కు పెళ్ళినాడు వచ్చును. పురోహితుని పంచాంగంలో లగ్నం రాత్రి రెండు దాటాక. సినిమాటిక్ వారి పంచాంగంలో పొద్దు గుంకేముందు అరగంట ఒక్కటే శుభలగ్నము. గోల్డెన్ అవర్ అని దానికి పేరు. ఈ రెండింటికీ పొత్తు కుదరక, సాయంత్రమే పెళ్ళికొడుకును కాలవగట్టు మీద నిలబెట్టి చేతిగడియారం పదిసార్లు పెట్టించెదరు. తలంబ్రాలను సెకనుకు 100 ఫ్రేముల చొప్పున తీసి 25 చొప్పున చూపితే నాలుగింతలు నెమ్మదిగా రాలును. అది బాగుంటుందని ఒప్పుకోవాలి. మంత్రం మాత్రం నాలుగింతలు సాగదు గనుక మంత్రాన్ని తీసేసి పియానో వేస్తారు.

ఇచట ఒక మీమాంస. జీలకర్ర బెల్లం పెట్టిన క్షణమే ముహూర్తం. "ఫోకస్ పోయింది సార్, ఇంకొక్కసారి పెట్టండి" అన్నప్పుడు రెండవసారి పెట్టినది దుర్ముహూర్తంలో పడితే ఏ పెళ్ళి చెల్లును? మొదటిదే చెల్లునని పురోహితులు. రెండవదే చెల్లును, మొదటిదానికి సాక్ష్యం లేదని స్టూడియోవారు. సాక్ష్యం లేకపోవుటకు కారణం కలదు. పురోహితుడు అడ్డుతెర దింపిన మరుక్షణమే నలుగురు కెమెరావారు మండపమెక్కి ఆ తెర పని తాము అందుకొందురు. ముందువరుసలోని మేనత్తలకు నాలుగు వీపులూ, వీపులమీద స్టూడియో పేరూ, సెల్ నంబరూ దర్శనమగును. పెళ్ళిని పక్కనున్న ఎల్‌ఈడీ తెరమీద చూడవలెను. అందుకు ఊరినుంచి రావడమెందుకని పెద్దత్తయ్యగారి ఆక్షేపణ. దీనికి సిద్ధాంతులెవ్వరూ సమాధానం చెప్పలేదు.

డ్రోన్ ఫ్రీ = ధరలో ముందే కలుపబడినది. కోనసీమ పందిరికి నలువైపులా కొబ్బరిచెట్లే. మట్టల్లో చిక్కుకున్న డ్రోన్‌ను ఎక్కి దింపేవాని కూలి ఫ్రీలో చేరదు. మరొకటి: 2021 డ్రోన్ నిబంధనల్లో విమానాశ్రయాల చుట్టుపట్ల ఎల్లో జోన్ అని ఉన్నది, అక్కడ ఎగరెయ్యాలంటే విమానాల రాకపోకలు చూసేవారి అనుమతి కావాలి. మధురపూడి పరిసరాల పెళ్ళివారు దీన్ని పసుపు దంచే కార్యక్రమమని పొరబడరాదు.

పాటలు మీ ఇట్టం = ఆరుద్ర పెళ్ళిపుస్తకానికి (1991) రాసిన పెళ్ళిపాటే వేస్తాము. పెళ్ళివేడుకలో పాట వేసుకోవడానికి 1957 కాపీరైటు చట్టం 52వ సెక్షనులో మినహాయింపు ఉన్నది. 2023 జూలైలో కేంద్రం ఆ మాటే మళ్ళీ చెప్పింది. అదే పాటను వీడియోకు అతికించి యూట్యూబులో పెట్టుట వేరు. అమెరికాలోని పిన్నిగారు మాంగల్యధారణను మూగగా చూచుటకు హేతువిదే.

మిక్సింగు = సర్వదోషహరము. పూర్వం తామరపువ్వు విచ్చుకుంటే నడుమ వరుడు, చందమామలో వధువు. తరువాత ఇద్దరూ మధుపర్కాలతో స్విట్జర్లాండు మంచుమీద. ఇప్పుడవి చూసి నవ్వుతున్నారు. ఈనాటి నెమ్మదినడకలకూ, మసక వెలుగులకూ అదే గతి పట్టడానికి ఎంతో కాలం పట్టదు.

తాత్పర్యము: సినిమాటిక్ వీడియో పెళ్ళికి రానివారికోసం తీసేది. అయిదు నిమిషాల్లో వారికి పని అయిపోవును. ట్రెడిషనల్ వచ్చినవారికోసం తీసేది. అందులో ప్రతివారూ తమను తాము వెదుకుకొందురు. పెళ్ళికూతుర్ని బుట్టలో మోసుకొచ్చిన మేనమామలు సినిమాటిక్‌లో మోచేతులవరకే ఉందురు, వారి మొహాలు కావాలంటే మూడు గంటలదానికే పోవలెను. డబ్బు రెండింటికీ ఉంటే రెండూ తీయించండి. ఒకదానికే ఉంటే ట్రెడిషనల్ తీయించండి, లైటు మాత్రం పీటలకు దూరంగా పెట్టమనండి.

అడ్వాన్సు ఇచ్చేముందు మొత్తం ఫుటేజీ కోత లేకుండా హార్డ్ డిస్కులో ఇస్తామని బిల్లు మీద రాయించుకోండి. 'ఆయ్' అంటే సరిపోదు. కెమెరా కుర్రాళ్ళకు భోజనం మొదటి బంతిలోనే పెట్టించండి.