టైల్స్ బాబాయి

టైల్స్ బాబాయిని గృహప్రవేశానికి పిలిస్తే ఆవుకన్నా ముందు ఆయనే లోపలికి వెళతాడు. పంతులుగారు మంత్రం ఎత్తుకునే వేళకి భోజనాల బల్ల పక్కన చేతులు కడుక్కునే చోటెక్కడుందో కనిపెట్టి, అక్కడి గోడకి చెవి ఆనించి, జేబులోంచి రూపాయి బిళ్ళ తీసి టైల్స్ మీద టకటకా కొడుతుంటాడు. రెండు గట్టిగా మోగుతాయి. మూడోది బోలుగా మోగుతుంది. బాబాయి మొహం వెలిగిపోతుంది.

"డొల్ల!" అంటాడు, పీటల మీద కూర్చున్న దంపతులకి వినపడేట్టు. "నాలుగు మూలలా నాలుగు సిమెంటు ముద్దలు పెట్టి అంటించేశాడు మేస్త్రీ. మధ్యలో అంతా గాలే. నీళ్లు దిగాయంటే ఊడి చేతికొస్తుంది. సరే, ముహూర్తం దాటిపోతోంది, శుభమా అని మీరు కానివ్వండి."

ఈ జాతి బాబాయిలు ఎవరికీ సొంతం కారు. ఇల్లు కట్టుకునేవాళ్లకీ, కొనుక్కునేవాళ్లకీ, ఉన్నది పగలగొట్టించి మళ్లీ కట్టించుకునేవాళ్లకీ ఉమ్మడి ఆస్తి. ఉద్యోగం చేసినన్నాళ్లూ మా బాబాయి తన ఇంట్లో బాత్‌రూము గోడ ఏ రంగో చెప్పలేకపోయేవాడు. రిటైరయ్యాక మొదటి నెలంతా పేపరు రెండుసార్లు చదివాడు. రెండో నెలలో ఆయన చూపు హాలు పక్కనున్న కొట్టుగది మీద పడింది. మూడడుగుల వెడల్పు, అయిదడుగుల పొడుగు. బియ్యం బస్తా, ఖాళీ గ్యాస్ బండ, పనిచెయ్యని రెండు మిక్సీలు అందులో కాపురముండేవి. "వచ్చినవాళ్లు మన పడగ్గది దాటుకుని బాత్‌రూముకెళుతున్నారు, ఏం బాగుంటుంది? ఇక్కడొక కమోడు, ఒక బేసిను పెట్టిద్దాం" అన్నాడు. బియ్యం బస్తా ఎక్కడ పెట్టాలో చెప్పండి అంది పిన్ని. దానికి జవాబు ఇప్పటికీ రాలేదు.

ఆ పదిహేను చదరపుటడుగుల కోసం ఆయన చదివిన చదువు డిగ్రీకి చదివుండడు. లక్డీకాపూల్‌లో టైల్స్ షాపుల కుర్రాళ్లు ఆయన్ని దూరం నుంచే గుర్తుపట్టి టీకి వెళ్లిపోయేవారు. దొరికినవాడి చేత శాంపిల్ టైలు బోర్లా తిప్పించి, వెనక వైపు రెండు చుక్కల నీళ్లు పోసేవాడు. చుక్క పీల్చేస్తే సిరామిక్, నిలబడితే విట్రిఫైడ్. విట్రిఫైడ్ తన బరువులో అర శాతం కన్నా ఎక్కువ నీళ్లు పీల్చకూడదు. గోడకి వేసే మామూలు సిరామిక్ పది శాతం పైన పీలుస్తుంది. "అందుకే సార్, విట్రిఫైడే తీసుకోండి, బండలా ఉంటుంది" అన్నాడొక కుర్రాడు, ధర కూడా బండలాగే ఉందని చెప్పకుండా.

"గోడ మీద ఎవరు నడుస్తారయ్యా?" అన్నాడు బాబాయి. "పైన మెరుగు పూత ఉండగా వెనకెంత పీలిస్తే ఏం? సిరామిక్ తేలిక, తేలిగ్గా కోతపడుతుంది, కుళాయికి చిల్లి పెడితే పగలదు. గోడకి సిరామిక్, నేలకి జారని విట్రిఫైడ్. రాసుకో."

కుర్రాడు నిజంగానే రాసుకున్నాడు. మర్నాటి నుంచి మిగతా గిరాకీలకి ఆ మాటలే చెప్పి అమ్ముకున్నాడు.

డిజైన్ల దగ్గర బాబాయికి పాత గాయాలున్నాయి. వంటింటి గోడల మీద కాఫీ కప్పులు, పళ్లబుట్టలు, బాత్‌రూముల్లో ఎగిరే డాల్ఫిన్లు చూసిన తరం ఆయనది. కింద ముదురు రంగు, పైన లేత రంగు, నడుమ హైలైటర్ అని బొమ్మ పలక: ఈ మూడు వరసల సంప్రదాయాన్ని ఆయన సహించడు. "మూడడుగుల గదిలో మూడు రంగులేస్తే మనిషికి చోటెక్కడిది? ఒకే రంగు. లేత రంగు" అన్నది ఆయన మొదటి సూత్రం.

అమెరికాలో ఉన్న కొడుకు సబ్‌వే టైల్స్ వేయించమన్నాడు. 1904లో న్యూయార్కు పాతాళ రైలు స్టేషన్ల గోడలకి వేసిన తెల్ల పలకలు, మూడంగుళాలు బై ఆరంగుళాలు. ఇప్పుడు మళ్లీ ఫ్యాషన్ అట. బాబాయి కాగితం తీశాడు. గది చుట్టుకొలత పదహారడుగులు, ఏడడుగుల ఎత్తు, తలుపు తీసేస్తే తొంభైనాలుగున్నర చదరపుటడుగులు. "ఏడొందల యాభై ఆరు పలకలు! వాటి సందులన్నీ బ్రష్షు పెట్టి తోమేది మీ అమ్మ. నువ్వొస్తావా?" కొడుక్కి వెంటనే మీటింగు గుర్తొచ్చింది.

చివరికి అడుగు బై రెండడుగుల పలకలు నిలువుగా వేయించాలని తేల్చాడు. నిలువుగా వేస్తే గది ఎత్తుగా కనిపిస్తుంది, సందులూ తగ్గుతాయి. పైగా మూడడుగుల గోడకి మూడు, అయిదడుగుల గోడకి అయిదు, వెడల్పులో కోత ముక్క అన్న మాటే రాదు. ఈ లెక్క విని మేస్త్రీ మెచ్చుకోలుగా తలూపి, "రెండు గోడలకీ సిమెంటు మందం, టైలు మందం కలిపితే రెండంగుళాలు పోతాయి కదా సార్, మూడడుగులు ఎక్కడుంటాయి?" అన్నాడు. ఆ రాత్రి బాబాయి అన్నం తినలేదు. మర్నాడు రెండో సూత్రం పుట్టింది: తలుపు తియ్యగానే ఎదురుగా కనిపించే చోట నిండు పలక రావాలి, కోత ముక్కలు తలుపు వెనక మూలకి పోవాలి. ఆ తలుపు లోపలికి తెరుచుకున్నన్నాళ్లూ ఆయన ఇంటికి వెళ్లినవాళ్లెవరికీ దాని వెనక్కి తొంగి చూసే అవకాశం ఉండేది కాదు. ఆ తలుపుని ఆయనే పట్టుకుని నిలబడేవాడు.

ఈలోగా పిన్నితో, "సోమనాథ్, ద్వారక చూసొద్దాం" అన్నాడు. ఆమె సంతోషించి పసుపూ కుంకుమా సర్దుకుంది. రాజ్‌కోట్‌లో దిగాక గానీ అసలు క్షేత్రం మోర్బీ అని తెలియలేదు. మన దేశంలో తయారయ్యే టైల్స్‌లో అధికభాగం మచ్ఛూ నది ఒడ్డునున్న ఆ ఊళ్లోనూ దాని చుట్టుపక్కలా తయారవుతాయి. మట్టి పొడి అచ్చులో నొక్కడం, పైన పూత పోయడం, కంప్యూటరు ప్రింటరు రాతినీ చెక్కనీ అచ్చుగుద్దడం, వెయ్యి డిగ్రీలు దాటిన బట్టీలో రోలర్ల మీద దొర్లుకుంటూ పోయి గంటసేపట్లో పలకలై బయటికి రావడం, అన్నీ బాబాయి చేతులు జోడించినంత పని చేసి చూశాడు. మోర్బీ గోడ గడియారాలకి కూడా పేరున్న ఊరు. పిన్ని ఒక గడియారం కొనుక్కుని, ఆయన ఒక్కొక్క ఫ్యాక్టరీలో ఎంతసేపున్నాడో దాంట్లో చూసి చెప్పింది.

నేల విషయంలో బాబాయి దగ్గర పరికరం ఒకటుంది: మనవడి గోళీ. అయిదడుగుల నేలకి ముప్పావు అంగుళం వాలు ఉండాలి, నీళ్లు నానీ ట్రాప్ మీది జాలీ వైపు పోవాలి. గోళీ వదిలితే అది ఆ జాలీ దగ్గరికే దొర్లుకుంటూ వెళ్లాలి. మొదటిసారి కమోడు వెనక్కి వెళ్లింది. రెండోసారి గుమ్మం దాటి హాల్లోకొచ్చింది. మూడోసారి మేస్త్రీ గోళీ కనపడకుండా దాచేశాడు.

ఇవన్నీ ఒక ఎత్తు, బేసిను ఒక్కటీ ఒక ఎత్తు. రాయి మధ్యలో కన్నం కోసి అందులో దింపే బేసిను బాబాయి కంటికి ఆనలేదు. బల్ల మీద గిన్నె బోర్లించకుండా పెట్టినట్టుండే టేబుల్ టాప్ బేసినే కావాలన్నాడు. ప్రకాశం జిల్లా చీమకుర్తి నుంచి వచ్చే గెలాక్సీ గ్రానైటు, నల్లరాయిలో బంగారు చుక్కలు మెరిసేది, దాన్ని బల్లగా వేయించాడు. దాని మీద మెరుపులేని నల్ల సిరామిక్ బేసిను. ప్లంబరు వచ్చి, బేసిను అడుగున బిగించడానికి ఈయన కొన్న వేస్టు కప్లింగు చూసి, "ఇది హాఫ్ థ్రెడ్ సార్, ఓవర్‌ఫ్లో కన్నమున్న బేసిన్లకి. దీనికి కన్నం లేదు, ఫుల్ థ్రెడ్ కావాలి" అన్నాడు. షాపుకి. మామూలు పిల్లర్ కాక్ కుళాయి బేసిను అంచుక్కూడా అందలేదు, పొడుగుది కావాలన్నాడు. మళ్లీ షాపుకి.

అంతా బిగించాక ఇంటిల్లిపాదినీ పిలిచాడు. "1994లో ఫిలిప్ స్టార్క్ అని ఫ్రెంచి డిజైనరు, పాతకాలపు గిన్నె, బాల్చీ చూసి జర్మనీ కంపెనీకి బాత్‌రూము సామాను గీసిచ్చాడు. అక్కణ్ణించి ఈ గిన్నె బేసిన్లు గొప్పవాళ్ల ఇళ్లకెక్కాయి" అని ప్రారంభోపన్యాసం చేశాడు.

"మా నాన్న ముక్కాలిపీట మీద ఇత్తడి పళ్లెం పెట్టుకుని రోజూ మొహం కడుక్కునేవాడు. అదీ నడుం ఎత్తున" అంది మామ్మ. "దానికి ఫ్రెంచివాడెందుకురా?"

ఆ "నడుం ఎత్తున" అన్న మాట ఆ పూట ఎవరూ పట్టించుకోలేదు. ప్రారంభోత్సవం ఆవిడ చేతనే చేయించారు. మామ్మ మనిషి అయిదడుగులకి రెండంగుళాలు తక్కువ. మేస్త్రీ బల్లని అలవాటుగా ముప్ఫైరెండు అంగుళాల ఎత్తున కట్టాడు. దాని మీద బేసిను ఇంకో ఆరంగుళాలు. మామ్మ చేతులు పైకెత్తి నీళ్ల కింద పెట్టింది. నీళ్లు వేళ్ల మీంచి మణికట్టుకీ, మణికట్టు మీంచి మోచేతికీ, అక్కణ్ణించి జాకెట్టు లోపలికీ ప్రయాణం చేశాయి. "అభిషేకం బాగా జరిగింది" అని ఆవిడ వెళ్లి చీర మార్చుకుంది.

మర్నాడు పీట వేశారు. పీట వేస్తే తలుపు తెరుచుకోలేదు. తలుపు బయటికి తెరుచుకునేట్టు మార్పించారు. బయటికి తెరుచుకునే తలుపు పిన్ని మోర్బీ గడియారం కింద నిలబడి టైము చూసేవాళ్లకి తగలడం మొదలైంది. పైగా ఎత్తునుంచి పడే ధార బేసిను లోతు తక్కువవడం వల్ల ఎదురు చిమ్మి, చెయ్యి కడుక్కున్న ప్రతివాడి చొక్కా మీదా పొట్ట దగ్గర ఒక తడి మచ్చ వదిలేది. బోరు నీళ్లు ఆరితే నల్ల బేసిను మీద తెల్లటి ఉప్పు మరకలు. గోడకీ బేసినుకీ నడుమ వేలు దూరని సందు, అందులో మురికి. పిన్ని రోజూ నిమ్మచెక్క, పాత టూత్‌బ్రష్షు పట్టుకుని దాని సేవ చేసింది. ఆఖరికి బాబాయి ఇంట్లోవాళ్లందరినీ వంటింటి సింకు దగ్గరికి తోలేసి, ఆ గదిని అతిథులకే అంకితం చేశాడు. అతిథి రాగానే కాఫీకన్నా ముందు, "చేతులు కడుక్కోండి" అనేవాడు. అతిథి కడుక్కుంటుంటే బాబాయి వైపరు పట్టుకుని వెనకే నిలబడేవాడు. ఒక పెద్దమనిషి తన చేతులంత మురికిగా ఉన్నాయా అని నొచ్చుకుని మళ్లీ రాలేదు.

బాబాయి కళ్లు తెరిపించింది మేస్త్రీయే. పాత బిల్లు బాకీకి వచ్చినవాడు, మామ్మ పీట చూసి అన్నాడట: "షోరూములో కుళాయికి నీళ్లుండవు కదా సార్. అక్కడ బేసిన్ని అందరూ చూసినవాళ్లే, ఒక్కడూ కడుక్కున్నవాడు లేడు."

బాబాయి మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగో రోజు బల్ల ఊడదీయించి ఇరవయ్యారు అంగుళాలకి దింపించాడు. ఇప్పుడు బేసిను అంచు సరిగ్గా మామ్మ నాన్నగారి పళ్లెం ఎత్తున ఉంది. పీట పోయింది, మామ్మకి మోచేతులు తడవడం లేదు. బేసిన్ని గోడ నుంచి చెయ్యి పట్టేంత ముందుకి జరిపించాడు. ధార సన్నబడేట్టు కుళాయి మూతికి జల్లెడ పెట్టించాడు.

కాలనీలో ఆయన్ని చూసి నవ్వుకోనివాళ్లు లేరు. ఆయన అటక మీద ఉన్నన్ని టైల్స్ ఏ షాపులోనూ ఉండవు. "ఒక పెట్టె ఎక్కువ కొని దాచుకోవాలిరా. రేపు ఒక్క పలక పగిలితే అదే డిజైను దొరికినా అదే బ్యాచి దొరకదు, రంగు తేడా కొడుతుంది" అంటాడు. నవ్విన పక్కింటాయన ఇంట్లో ప్లంబరు సుత్తి తగిలి రెండు పలకలు పగిలాయి. ఊరంతా తిరిగి ఆఖరికి బాబాయి గుమ్మం ముందు నిలబడ్డాడు. కొత్త అపార్టుమెంటులో ఆయన రూపాయి బిళ్ళ మోగించాక బిల్డరు రెండు ఫ్లోర్లలో గోడలు మళ్లీ వేయించాల్సి వచ్చింది. నవ్వడానికి ఒక్క బాబాయి చాలు, ఇల్లు కొనుక్కునేటప్పుడు మాత్రం పక్కన ఆయనే ఉండాలి.

మొన్న మేం కూడా హాల్లో చిన్న బాత్‌రూము ఒకటి కట్టించాలనుకుని ఆయన్ని పిలిచాం. గది వైపు కన్నెత్తి చూడకుండా కొలత టేపు లాగి, "ఒరే, చేతులు కడుక్కుంటున్నట్టు నిలబడు" అన్నాడు. నిలబడ్డాను. నేల నుంచి మోచేతి దాకా కొలిచి రాసుకున్నాడు. తర్వాత మా ఆవిడని, అత్తగారిని, మునివేళ్ల మీద లేచి మోసం చెయ్యబోయిన మా పిల్లవాణ్ణి, చివరికి అంట్లు తోమడానికొచ్చిన పనమ్మాయిని కూడా వరసగా నిలబెట్టి కొలిచాడు. బేసిను ఎత్తు తేల్చాడు, గోడకి సిరామిక్ అని రాశాడు, తలుపు ఎటు తెరుచుకోవాలో రాశాడు. ఆఖరి గడి దగ్గర కలం ఆపాడు.

"రంగు? నా మాట విని తెల్ల బేసిను పెట్టించమ్మాయ్. నలుపైతే రోజుకి రెండుసార్లు తుడవాలి."

"తుడిచేది ఈయనే బాబాయిగారూ" అంది మా ఆవిడ. "నల్లదే రాయండి."

బాబాయి ఒక్క క్షణం నావైపు జాలిగా చూసి, నలుపు అని రాసి, కింద మరో వరస చేర్చాడు: వైపరు ఒకటి, నిమ్మకాయలు అర డజను.