‘టెంటర్‌డెన్ టెరియర్’ అను శబ్దానికి టీకా తాత్పర్యం

అవతారిక: ఇంగ్లండులో కెంట్ ప్రాంతపు చిన్న ఊరు టెంటర్‌డెన్. 1900లో ఆ పక్కకు పొదుపుగా కట్టిన ఒక చిన్న రైలు మార్గం వచ్చింది. 1954లో ప్రయాణికుల బండి ఆగిపోయింది, 1961లో గూడ్సు కూడా ఆగింది. పాత బండ్ల మీద మమకారం చావనివాళ్లు కొందరు పోగై, 1974లో ఆ లైనులో కొంత ముక్కను మళ్లీ నడిపించారు. దాని పేరు కెంట్ అండ్ ఈస్ట్ ససెక్స్ రైల్వే. ఆ సంఘం తన సభ్యుల కోసం వేసుకునే పత్రిక పేరే ఇక్కడ మూలం. రెండే పదాలు, క్రియ లేదు, ఛందస్సు లేదు. దీనికి వ్యాఖ్యానమెందుకని అడిగితే, వ్యాఖ్యానం అడిగే పేరే పత్రికకు తగిన పేరని మా సిద్ధాంతం. చూడగానే అంతా తెలిసిపోయేది బోర్డు, పేరు కాదు. ఆధారం లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ మన వ్యాఖ్యాత మల్లినాథసూరి పెట్టుకున్న నియమంలో మొదటి సగాన్ని శిరసావహిస్తున్నాం. రెండో సగాన్ని పాటిస్తే ఈ వ్యాసమే ఉండదు.

ప్రతిపదార్థం: ‘టెంటర్‌డెన్’ అనగా థానెట్ సీమవాళ్ల పందుల మేత అడవి. ‘డెన్’ అన్న పాత ఇంగ్లీషు మాటకు అక్కడ అదే అర్థం. ‘టెరియర్’ అనగా నేలబొరియల్లో దూరి నక్కల్ని తరిమే పొట్టి కుక్క. భూమిని చెప్పే లాటిన్ ‘టెర్రా’ దీనికి మూలం. ఆ మూలం నుంచే పుట్టిన మరో టెరియర్ కూడా ఉంది, అది భూముల వివరాలు రాసుకునే దస్త్రం, మన కరణాల అడంగల్‌కు దాయాది. షష్ఠీ తత్పురుషం చేసి అన్వయిస్తే ‘పందుల అడవి కుక్క’ అనో, ‘పందుల అడవి అడంగల్’ అనో తేలుతుంది. రైలు పత్రికకు రెండూ అతకవు. ఇలా ముఖ్యార్థం కుదరనప్పుడు లక్ష్యార్థం వెతకమని శాస్త్రం. వెతికితే దొరికేది ఇంజను. లండన్ శివార్ల బండ్లు లాగడానికి విలియం స్ట్రౌడ్లీ రూపొందించగా 1872 నుంచి 1880 దాకా బ్రైటన్‌లో 50 చిన్న ఇంజన్లు తయారయ్యాయి. పొగగొట్టం లోంచి ఆవిరి వెళ్లే చప్పుడు కుక్క మొరిగినట్టు ఉండేదని జనం వాటిని టెరియర్లన్నారు. ఆనందవర్ధనుడు కావ్యానికి ఆత్మ ధ్వని అన్నాడు. ఆయన ఉద్దేశించినది పొగగొట్టపు ధ్వని కాకపోయినా, ఈ పేరులో రెండూ ఒకేచోట పలకడం విశేషం. ఇక ట, ర వర్ణాలు రెండు పదాల్లోనూ మళ్లీ మళ్లీ రావడం వల్ల వృత్త్యనుప్రాస. పట్టాల అతుకుల మీద చక్రాలు పలికేదీ టకారమే కనుక రసానికి అనుగుణమే.

ఇక్కడ పూర్వపక్షులు లక్షణ దోషాలు ఎత్తుతారు. అతివ్యాప్తి మొదటిది: టెరియర్ ఈ ఒక్క లైను సొత్తు కాదు కదా, పక్క ససెక్స్‌లోని బ్లూబెల్ రైల్వేకు స్టెప్నీ అనే టెరియర్ 1960లోనే వచ్చింది, వైట్ ద్వీపంలోనూ ఉన్నాయి అని. నిజమే. అందుకే ముందు ఊరి పేరు విశేషణంగా నిలిచింది, అతివ్యాప్తిని వారించడమే విశేషణం పని. పైగా ఈ లైనుకు ఆ జాతితో సంబంధం నిన్నమొన్నటిది కాదు. లండన్ పేట పేరుతో పుట్టిన ‘పాప్లర్’ను 1901లో కొని, దారిలోని ఊరి పేరుతో ‘బోడియం’ అని పిలుచుకున్నారు. ఇల్లు మారిన కోడలికి పేరు మార్చినట్టు. రెండోది అవ్యాప్తి: ఆ లైను మీద వేరే ఆవిరి ఇంజన్లూ డీజిళ్లూ తిరుగుతుండగా, ఒక్క జాతి పేరు పత్రికంతటికీ ఎలా చెల్లుతుందని. కాకుల నుంచి పెరుగు కాపాడమని చెబితే పిల్లిని రానివ్వమని అర్థం కాదు గదా. కాకి ఉపలక్షణం, టెరియరూ అంతే. ఒక మాటలో ఇమడాల్సినప్పుడు అన్నింటినీ చెప్పబోయే పేరు దేన్నీ చెప్పదు.

ఈ చివరి మాటకు దృష్టాంతం కావాలంటే వేల్స్‌కు పోవాలి. స్వచ్ఛంద సేవకులు కాపాడి నడిపిన రైళ్లలో ప్రపంచంలోనే మొదటిది 1951 నాటి తలిస్లిన్ రైల్వే. దాని పత్రిక ‘తలిస్లిన్ న్యూస్’. అవ్యాప్తి లేదు, అతివ్యాప్తి లేదు, అసంభవం అసలే లేదు. అన్ని పరీక్షలూ నెగ్గినా చదివినవాడి మనసులో ఏమీ కదలదు. అంత ఘనచరిత్ర ఉన్నవాళ్లకు అలంకారం అక్కర్లేదేమో, అది వేరే సంగతి. మరోవైపు యార్క్‌షైర్‌లోని కీత్లీ అండ్ వర్త్ వ్యాలీ రైల్వే వారిది ‘పుష్ అండ్ పుల్’. ద్వంద్వ సమాసం, ఒకవైపు లాగుతూ తిరుగుదారిలో నెట్టుకొచ్చే బండికి వాడుక పేరు. సభ్యుల సమావేశాలకూ సరిపోతుంది కనుక శ్లేష పండింది. కానీ ఊరి ముద్ర లేదు. మనకు దగ్గరి ఉదాహరణ డార్జిలింగ్ హిమాలయన్ రైల్వే అభిమానులు బ్రిటన్‌లో పెట్టుకున్న సంఘానిది, ‘ద డార్జిలింగ్ మెయిల్’. మద్రాసు మెయిలు ఎక్కిన జాతికి ఈ శ్లేష విప్పి చెప్పనక్కర్లేదు: మెయిలంటే బండి, మెయిలంటే జాబు, పైగా ఆ పేరుతో కలకత్తా నుంచి కొండ కింది దాకా నిజంగానే ఒక రైలుంది. ఊరూ, శ్లేషా, చరిత్రా మూడూ కలిసిన ఈ పేరు మన మూలానికి సాటి వస్తుంది. మొరగదు, అదొక్కటే లోటు.

చివరి ఆక్షేపణ కొంచెం బరువైనది. కొత్తవాడికి అర్థంకాని పేరు పెట్టినందుకు పత్రిక దుకాణంలో కుక్కల పెంపకం పుస్తకాల పక్కన చేరితే ఎవరిది తప్పు? సమాధానం: కొత్తవాడికి కావలసింది బండి వేళల కరపత్రం, దాని మీద శ్లేషలు ఆడితే పాపం. సభ్యుల పత్రిక సంగతి వేరు. చందా కట్టి, సెలవురోజు బొగ్గు మసి పూసుకుని పనిచేసి ఇంటికి పోయినవాడికి తనవాళ్ల మధ్య మాటగా అందాల్సింది అది. అలాంటి చోట అందరికీ తెలిసిన మాట కంటే తమకే తెలిసిన ముద్దుపేరుకు బలం ఎక్కువ, ఇంట్లో బుజ్జి అని పిలిచేవాణ్ణి రేషన్ కార్డులోని పేరుతో పిలిస్తే ఉలిక్కిపడినట్టు. అదీగాక ఆవిరి ఇంజన్ల బాయిలర్లను సుమారు పదేళ్లకోసారి విప్పి బాగుచేయాలి. డబ్బు పోగయ్యేదాకా ఇంజను షెడ్డులో మూగగా పడి ఉంటుంది. ఆ రోజుల్లోనూ మొరిగే బాధ్యత పత్రికదే.

పాఠ విచారం: పూర్తి పేరులో ముందు ‘ద’ అనే ఏకాక్షరం ఉంది. తెలుగులో సమానపదం లేదు కనుక పైన వదిలేశాం, దాన్ని కేవలం పాదపూరణంగా తీసిపారేయడం మాత్రం పొరపాటు. 50 టెరియర్లలో నేటికి మిగిలినవి 10. ఒకటి కెనడా దాకా పోయింది, ఒకటి యార్క్ మ్యూజియంలో ఉంది, టెంటర్‌డెన్ వారికి దక్కినవి రెండు. ఆ ఒక్క అక్షరంతో మిగిలిన ఎనిమిదీ పొరుగూరి కుక్కలైపోయాయి.